షాంపూ వరసలో రెండు గంటలు

మా బావగారికి అర్థం కాని విషయం వస్తే అడగరు, తల ఊపుతారు. ఎంత అర్థం కాకపోతే అంత గట్టిగా ఊపుతారు. ఈ సంగతి మా అక్కకి పెళ్లయిన వారానికే తెలిసింది. గోదాములో మాకు తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

పద్దెనిమిదో ఏట మూటలు మోయడానికి చేరి, మెట్టు మెట్టూ ఎక్కి మేనేజరయ్యారు. డ్రమ్ము మీద వేలితో కొట్టి అందులో సరుకు ఎంత ఉందో చెప్పగలరు. అట్టపెట్టెల దొంతర పక్కన నిలబడి, అడుగు పెట్టె తడిసిందని వాసన పట్టగలరు. అలాంటి మనిషిని హెడ్డాఫీసు వాళ్లు రెండు రోజుల క్లాసుకి పిలిచారు. గోదాముల్లో వైర్‌లెస్ డేటా పెడుతున్నారట, దాని గురించి మేనేజర్లకి ముందుగా అవగాహన ఉండాలట.

ఆ క్లాసులో ఆయన రాసుకున్న నోటుబుక్కు నేను చూశాను. లారీల ఎంట్రీ రాసేది నేనే, నా బల్ల ఆయన బల్ల పక్కనే. 'యాక్సెస్ పాయింట్: కప్పుకి బిగించే తెల్ల పళ్లెం. బ్యాండ్‌విడ్త్: రోడ్డు వెడల్పు. ఏ రోడ్డు? లేటెన్సీ: ఆలస్యం. ఎవరిది?' మూడో పేజీలో బాతు బొమ్మ ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ క్లాసు చెప్పి, ఇప్పుడు పళ్లాలు బిగించడానికి వచ్చిన ఇంజినీరమ్మాయి మాత్రం, "క్లాసులో అందరికన్నా శ్రద్ధగా విన్నది మీ మేనేజరుగారే" అని మెచ్చుకుంది. నేను నవ్వాపుకోవడానికి లారీల వైపు వెళ్లిపోయాను.

పనివాళ్లకి తలా ఒక స్కానర్ గన్ను ఇచ్చారు. పెట్టె మీది గీతలకి చూపిస్తే కుయ్‌మంటుంది. ఎవరు, ఏ పెట్టె, ఎన్ని గంటలకి సర్దారో కంప్యూటరుకి చేరుతుంది. వాళ్లకి నేర్పే బాధ్యత బావగారిది. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "కుయ్‌మంటే పనైపోయినట్టే. తర్వాతి పెట్టెకి పొండి."

నెల తిరక్కుండానే హెడ్డాఫీసు నుంచి ఫోను. పెట్టెలు సర్దే గడియారమ్మ రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఏ పనీ చేయడం లేదని కంప్యూటరు చెబుతోందట. ఆమెకి ఆ పేరు పెట్టిందే మేము. పదకొండేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చింది లేదు.

బావగారు ఆమెని పిలిచి అడిగారు.

"రోజూ ఆ వేళకి మూడో వరసలో షాంపూ పెట్టెలు సర్దేది నేనే సార్. గన్ను కుయ్‌మంటూనే ఉంది కదా" అంది.

బావగారు తలూపారు. కంప్యూటరు అబద్ధం చెప్పదని హెడ్డాఫీసు వాళ్లంటే దానికీ ఊపారు. ఎటూ తేల్చుకోలేక మూడు వారాలు నానబెట్టారు. నాకు ఒళ్లు మండింది గానీ, నేను మాత్రం ఏం చేశాను? చివరికి ఆమెని పనిలోంచి తీసేస్తున్నామన్న కాయితం వచ్చింది. బావగారు సంతకం చేయాలి.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ముట్టకుండానే లేచి, గడియారమ్మ గన్ను అడిగి తీసుకుని మూడో వరసలోకి నడిచారు. నన్ను కంప్యూటరు ముందు కూర్చోమన్నారు. లోపల కుయ్ కుయ్‌మని పది సార్లు వినిపించింది. నా తెర మీద ఒక్కటీ పడలేదు. పక్కన కాగితపు రుమాళ్ల వరసలోకి వెళ్లి మళ్లీ కొట్టారు. పదీ టకటకా పడ్డాయి.

బావగారు అయోమయంగా తిరిగొచ్చి ఇంజినీరమ్మాయికి ఫోను చేశారు. స్పీకరులో ఆమె మాటలు నేనూ విన్నాను.

"నీళ్ల సరుకు సిగ్నల్ని మింగేస్తుందని క్లాసులోనే చెప్పాను కదండీ. కుయ్‌మంటే గన్ను చదివిందని మాత్రమే. దాని మీద పచ్చ లైటు వెలిగితేనే కంప్యూటరుకి అందినట్టు. అలాంటి వరస ఉంటే చెప్పండి, ఇంకో యాక్సెస్ పాయింట్ పెడతాం అన్నాను. మీరు సరేనన్నారు."

బావగారు ఫోను పెట్టేసి, "గోడలోంచి వచ్చేది షాంపూలోంచి ఎందుకు రాదురా?" అన్నారు. నాకేం తెలుసు? తెలియదన్నాను.

"నాకూ తెలియదు" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

కాయితం మీద సంతకం చేయాల్సిన చోట ఇలా రాశారు: 'ఈమె తప్పు లేదు. క్లాసులో చెప్పింది నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించాను. పనివాళ్లకి తప్పు నేర్పాను.' హెడ్డాఫీసు వాళ్లు ఆయనకి రావలసిన ప్రమోషను ఆపారు. గడియారమ్మని ఉంచారు. మూడో వరస మీద ఇంకో తెల్ల పళ్లెం బిగించారు.

ఆ సంగతి చెప్పడానికి బావగారు ఆమెని పిలిచి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా. తప్పు నాదేనని రాసిచ్చాను."

"ఆఫీసుకి రాసిచ్చారు సార్. మరి మా ఇంటికో?"

బావగారికి అర్థం కాలేదు. అది ఆయన మొహంలోనే కనిపించింది.

"మా పక్కింటావిడ ఇక్కడే పని చేస్తుంది కదా. ఈ మాట ఎప్పుడో మోసేసింది. రోజూ రెండు గంటలు ఎక్కడికెళ్తున్నావు, ఎవరి దగ్గరికెళ్తున్నావు అని మా ఆయన మూడు వారాలుగా అడుగుతున్నాడు. షాంపూ పెట్టెలు సర్దానంటే నమ్మడు. కంప్యూటరు చెప్పింది కదా అంటాడు."

బావగారు గబగబా తెల్లకాయితం ముందుకి లాక్కున్నారు. కలం తీసి ఆగారు.

"ఏమని రాయమంటావమ్మా?"

"మీకు తెలిసిందే రాయండి. తేలిక మాటల్లో రాయండి సార్. ఆయనకి చదువు రాదు. మా పాప చదివి వినిపించాలి."