నున్నగా రుద్దిన రష్యన్

మార్కాపురంలో పుట్టి రష్యన్ భాష చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పడం లేదు. మా ఊళ్లో ఇంకెవరికీ ఆ అవసరం రాలేదు. ఆ మాటకొస్తే నాకూ రాలేదు.

మాది పలకల షెడ్డు. క్వారీ నుంచి వచ్చిన నల్లరాతిని పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక అవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎంతమంది అఆలు దిద్దేది మా ఊరి రాతి మీదో లెక్క లేదు. రుద్దేటప్పుడు లేచే దుమ్ము మాత్రం ఊరు దాటదు. సగం ఇళ్ల కప్పుల మీద, సగం మా ఊపిరితిత్తుల్లో కుదురుకుంటుంది. నాయన దగ్గు మా ఇంటి గడియారం. తెల్లవారిందని కోడి కన్నా ముందు అదే చెప్పేది. ఆ దగ్గు ఎలా మొదలై ఎక్కడ ముగుస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు కనుక దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అందుకే నన్ను మద్రాసుకు బి.ఏ.కి పంపుతూ నాయన పెట్టిన షరతు ఒకటే.

"ఏ సబ్జెక్టన్నా తీసుకో. దుమ్ము లేనిది తీసుకో."

యుద్ధం రోజులవి. రష్యావాళ్లు ఇంగ్లీషువాళ్లకు కొత్తగా స్నేహితులయ్యారు. ఆ ఊపులో మా కాలేజీ రష్యన్ భాషనూ సంస్కృతినీ కలిపి ఒక ఐచ్ఛికం కింద పెట్టింది. ఇంటర్మీడియట్ మార్కులు అడగకుండా చేర్చుకున్న సబ్జెక్టు అదొక్కటే. ఇంట్లో ఈ సంగతి చెబితే, షెడ్డులో పనంతా చూసే మా చిన్నాయన గడ్డం గోక్కున్నాడు.

"యుద్ధమైనాక రష్యావోళ్లు యాపారానికి వస్తారన్నా. దుబాసీ కావాల గదా. మనోడొక్కడే ఉంటాడు."

"వాళ్లొచ్చి పలకలు కొంటారా?" అన్నాడు నాయన.

"వాళ్లకూ పిల్లోళ్లుంటారు గదా."

"ఆడ శానా చలంట. పలక పట్టుకుంటే చేతికి అంటుకుపోతాదేమో."

"ఇంకా మంచిది. పిల్లోడు పలక కింద పెట్టడు."

నా భవిష్యత్తు అలా ఖాయమైంది.

మా టీచరమ్మ ముసలావిడ. తన దేశంలో విప్లవం వచ్చినప్పుడు ఇల్లు విడిచి, చైనా మీదుగా ఎలాగో మద్రాసు చేరి, దొరల పిల్లలకు పియానో నేర్పుతూ బతుకుతోంది. క్లాసులో మేం ఇద్దరం. రెండోవాడు నెల తిరక్కుండానే వైమానిక దళంలో చేరిపోయాడు. రష్యన్ క్రియల కన్నా జపాను బాంబులే నయమనుకున్నట్టున్నాడు. ఆ తర్వాత క్లాసంతా నేనే. ఫస్టూ నేనే, లాస్టూ నేనే.

ఆమె నా పేరుకు నాయన పేరు తగిలించి పిలిచేది. వాళ్ల దేశంలో అది మర్యాదట. మా వైపు నాయన పేరు అలా ఎత్తారంటే కొట్లాట మొదలైందని అర్థం. మొదటి వారమంతా పిడికిలి బిగించుకునే పాఠం విన్నాను. కాలినడకన వెళ్లడానికి ఒక క్రియ, బండిలో వెళ్లడానికి ఇంకో క్రియ ఉంటాయని చెప్పింది. అర్ధవీడు నుంచి మా షెడ్డుకు వచ్చే కూలీలకైతే మొదటిది చాలు. మంచు గురించి ఎంతైనా చెప్పేది. మార్చి నెలలో చెమట తుడుచుకుంటూ మంచులో రకాలు రాసుకునేవాణ్ణి. ఒకరోజు ఇంటికి పిలిచి పాలు లేని టీ ఇచ్చి, తమ పల్లెల్లో సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగుతారని తాగి చూపించింది. మా ఊళ్లోనూ అంతేనన్నాను. రెండు దేశాల సంస్కృతీ ఒకటేనని తేలిపోవడంతో ఆ రోజు పాఠం తొందరగా ముగిసింది.

పాఠ్యపుస్తకాలు ఓడలో వస్తున్నాయని కాలేజీవాళ్లు చెప్పారు. ఓడ మునిగిందని తర్వాత చెప్పారు. మిగిలింది ఆమె దగ్గరున్న ఒకే ఒక్క పుస్తకం. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వదు. ఆమె చదవాలి, నేను రాసుకోవాలి. రాసుకుందామంటే కాగితం మీద కంట్రోలు. నేను పలకల ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నాకు తోచాల్సిన ఉపాయమే తోచింది. ఇంటి నుంచి చట్రం బిగించని పల్చటి పలకలు తెప్పించుకున్నాను. బలపంతో రాస్తే చెరిగిపోతుందని ఇనుప మేకుతో గీసేవాణ్ణి, రెండు వైపులా, చీమల బారుల్లా. డిగ్రీకి వచ్చి పలక పట్టుకున్నానని హాస్టల్లో నన్ను ఒకటో క్లాసు అని పిలిచేవారు. టీచరమ్మ మాత్రం ఒక పలకను కిటికీ దగ్గర వెలుగుకు పట్టి చాలాసేపు చూసి, "ఇవి కాలిపోవు," అంది. ఆమె పుస్తకాలు ఒకప్పుడు ఇంటితోపాటు కాలిపోయాయట.

ఆఖరి పరీక్షల ముందు చదువుకోవడానికి సెలవులిచ్చారు. అప్పటికి పలకలతో ఒక ట్రంకు పెట్టె నిండింది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో కూలీ దాన్ని ఎత్తబోయి మళ్లీ దించాడు.

"ఏముంది అబ్బయ్యా ఇందులో?"

"చదువు."

"మావోడు మూడో క్లాసులోనే మానేసినాడు. బతికిపోయినాడు," అన్నాడు.

పలకలన్నీ వసారాలో గోడ పొడుగునా వరసగా ఆనించి పెట్టుకున్నాను. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకు చేరితే డిగ్రీ వచ్చినట్టే. మర్నాడే అమ్మ అడ్డం వచ్చింది. త్రిపురాంతకం పోయి మొక్కుకుని రావాలట.

"చదువుకోవాలమ్మా."

"నువ్వు సదివేది మాకెవురికీ అర్థంగాదు. దేవుడికన్నా చెప్పుకోవాల."

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుస్తున్న బస్సు వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ఆగిపోయింది. రెండో రోజు సాయంత్రానికి గాని ఇల్లు చేరలేదు. వసారాలో గోడ ఉంది. పలకలు లేవు.

"అవా," అన్నాడు చిన్నాయన. "అన్నీ గీతలు పడి చెడిపోయినాయి గదరా. మద్రాసులో యాడ పడేసినావో ఏమో. నువ్వొచ్చేలోపల బాగు చేపిద్దామని నలుగురిని పెట్టి రుద్దిచ్చినా. శానా లోతు గీతలు. చేతులు పోయినాయన్నారు."

"ఇప్పుడెక్కడున్నాయి?"

"చట్రాలు బిగిచ్చి లోడులో కలిపినా. పొద్దున్నే స్టేషన్‌కు పోయినాయి."

మా ఇళ్లలో గీత పడిన పలకను చూసి ఊరుకోవడం, కుంటుతున్న ఎద్దును చూసి ఊరుకోవడం లాంటిది. ఇంకో ఊళ్లో అయితే ఇదేం రాత అని అడిగి ఉండేవాళ్లు. మా ఊళ్లో రుద్దేస్తారు.

"అది రష్యన్, చిన్నాయనా."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు.

"పలక మీద ఎవురన్నా చెరగకుండా రాస్తారా?" అన్నాడు చివరికి, ఎంతో మెల్లగా.

నాయన బయటికి వచ్చాడు. సంగతి విని, వచ్చిన దగ్గు పూర్తయ్యేదాకా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"గుర్తుండేదెంత?"

"మంచు రకాలు గుర్తున్నాయి. టీ గుర్తుంది."

"దాంతో పాసయితావా?"

"రష్యాలో టీ కొట్టు పెట్టుకోవచ్చు నాయనా."

ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గయింది, దగ్గు చాలాసేపు తెగలేదు. ఆ వారం నేను ఇంకేమీ సరదాగా మాట్లాడలేదు.

టీచరమ్మ కాళ్లు పట్టుకునైనా పుస్తకం అడుగుదామని ముందుగానే మద్రాసు వెళ్లాను. ఆమె గదికి తాళం. చెల్లెలికి జబ్బు చేసిందని కలకత్తా వెళ్లిపోయిందనీ, సామానంతా తీసుకెళ్లిందనీ, తిరిగి రానని చెప్పిందనీ ఇంటి యజమాని చెప్పాడు. సామానంటే ఒక పెట్టె, ఆ పుస్తకం.

పరీక్ష రాశాను. శీతాకాలం గురించి రాయమని ఒక ప్రశ్న వచ్చింది, దంచేశాను. మిగతా ప్రశ్నలకూ మంచే కురిపించాను. ఫలితాల పేపరులో నా నంబరు ముందుదీ ఉంది, వెనకదీ ఉంది. మళ్లీ కూర్చుంటానని కాలేజీకి వెళ్లి అడిగితే, చెప్పేవాళ్లు లేరు, చేరేవాళ్లు లేరు, రష్యన్ ఎత్తేశామన్నారు. ఫెయిలవడానికి కూడా రెండో అవకాశం లేదన్నమాట. వేరే సబ్జెక్టుతో మొదటి నుంచి చదవాలంటే ఇంకో రెండేళ్లు. నాయన మొహం చూసిన తర్వాత రెండేళ్లనే మాట నా నోట రాలేదు.

ఆ వానాకాలం నాయన షెడ్డుకు పోవడం మానుకున్నాడు. మానుకున్నాడని ఇంట్లో అనేవాళ్లం. వీధి మలుపు దాకా నడవలేకపోయేవాడు. ఆయన జాగాలో నేను పనికి వెళ్లిన మొదటి పొద్దున, మంచం మీద నుంచే పిలిచి, పాత పంచె చింపిన గుడ్డ ఒకటి చేతికిచ్చాడు.

"తడిపి ముక్కుకు కట్టుకో."

"షెడ్డులో ఎవురూ కట్టుకోరు నాయనా."

"నవ్వుతారు. అయినా కట్టుకో."

"నువ్వెందుకు కట్టుకోలేదు?"

"నవ్వుతారని."

కట్టుకుని వెళ్లాను. నవ్వారు. మధ్యాహ్నానికి ఊపిరాడక విప్పేశాను.