మద్దిలేటి కట్టిన గ్రహాలు

నిన్న మా పాప ల్యాప్‌టాప్‌లో ఆ పాత అంతరిక్షం ఆట కనబడింది. వేడెక్కిన డబ్బా మానిటర్ మీది దుమ్ము వాసన మీకూ గుర్తుండే ఉంటుంది.

గొప్ప ఆట అది. గ్రహాలు వెతకాలి, నీళ్లున్నచోట ఊళ్లు కట్టాలి, పొరుగు గ్రహాలతో సంధి చేసుకోవాలి. చిన్నప్పుడు కోసిగిలో మా ఇంట్లో కంప్యూటర్ ఉన్నా ఆ ఆట నా బుర్రకెక్కలేదు. నాతో చదువుతూ, మా ఇంటికొచ్చి ఆడే మద్దిలేటికి మాత్రం వారంలోనే పట్టుబడింది. లోపమల్లా, అందులో ఒక్క ఆటనే దాచుకోగలం.

వానలు లేని ఆ ఏడు మద్దిలేటి వాళ్లు గుంటూరుకు మిరప కోతలకు పోయారు. పోయేముందు మా ఇంటికొచ్చాడు.

"పదకొండు గ్రహాలుండాయప్పా. నేనొచ్చేదాకా చెరపొద్దు."

"యాడికీ పోవులేప్పా," అన్నాను.

వారం తిరక్కుండానే, వాడిలా ఆడలేని ఉక్రోషంతో, వాడు దాచిన ఆటను చెరిపేసి నా ఆట మొదలుపెట్టాను.

మూడు నెలలకు వాడు తిరిగొచ్చాడు. మిరప ఘాటుకు చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"కరెంటు పోయి అంతా చెరిగిపోయిండాది," అని అబద్ధమాడాను.

"పోనీలేప్పా, మళ్లా కడదాం," అని నన్నే ఓదార్చాడు.

వారానికే వాళ్ల నాయన వాణ్ణి బడి మాన్పించి మళ్లీ పనికి తీసుకుపోయాడు. నిజం చెప్పడానికి నాకు ఆ వారమంతా ఉండింది. రోజూ ఎదురుపడ్డాడు. చెప్పలేదు.