అంకుల్ దాచిన ముప్పై ఏడు డబ్బాలు

మా పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. ఇంటి నుంచే పని కనుక కెమెరా ఆన్‌లోనే ఉంది. "అమ్మాయ్, మీ అంకుల్ వెళ్ళిపోయారు. నువ్వు పని చూసుకునే రా, తొందరేం లేదు" అన్నారావిడ. కెమెరా ఆపానో లేదో గుర్తు లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రెండిళ్ళ మధ్య గడ్డి మీదుగా పరిగెత్తాను. ఇది జరిగి మూడు వారాలైంది.

అమెరికాలో మేముండే ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయన్ని ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. ఆయన సహాయం చేసిన కుటుంబాలూ, కారు కొనేముందు ఆయన్ని వెంటబెట్టుకెళ్ళిన కుర్రాళ్ళూ ఆయన గురించి మంచి మాటలు చాలానే చెప్పారు. అవన్నీ నిజమే. నేను చెప్పవలసింది వేరే ఒకటుంది. అది నా గురించి మంచి మాట కాదు. అయినా ఆయన్ని తలుచుకోవాలంటే నాకు ఆ దారి తప్ప వేరే దారి లేదు.

అంకుల్ ముప్పై ఏళ్ళు కార్ల బ్రేకులు టెస్ట్ చేసి రిటైరయ్యారు. రిటైరైన ఏడాదే లెటర్‌బాక్సింగ్ అనే సరదాలో పడ్డారు. ఉత్తరాలకీ దీనికీ సంబంధమేమీ లేదు. నీళ్ళు చొరని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో చేత్తో చెక్కిన రబ్బరు ముద్ర ఒకటి, చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టి, ఏ పార్క్‌లోనో చెట్లమధ్య, రాళ్ళ సందునో పడిపోయిన దుంగ కిందో దాస్తారు. అక్కడికి దారి చెబుతూ ఒక క్లూ రాస్తారు. క్లూ పట్టుకుని వెతికి డబ్బా కనిపెట్టినవాళ్ళు దానిలోని ముద్ర తమ పుస్తకంలో వేసుకుని, తమ ముద్ర ఆ డబ్బాలోని పుస్తకంలో వేసి వెళతారు. అంతే. బహుమతులేం లేవు. "ఇంతోటిదానికి ఇంత నడకా అంకుల్?" అని మొదటిసారి అడిగాను. "నువ్వు ట్రెడ్‌మిల్ మీద నడిచి ఎక్కడికి వెళుతున్నావమ్మా?" అన్నారు.

ఆయన సొంత ముద్ర బెండకాయ ముక్క. చిన్నప్పుడు బెండకాయ అడ్డంగా కోసి సిరాలో ముంచి పలక వెనకాల అచ్చులు వేసేవాళ్ళం కదా, అది. అమెరికన్ మిత్రులు దాన్ని పువ్వనుకునేవారు, ఆయన దిద్దేవారు కాదు. నాకోసం పెన్సిల్ రబ్బరు మీద ఫిల్టర్ కాఫీ గ్లాసు చెక్కి ఇచ్చారు. డబరా అంచు దగ్గర కత్తి జారి చిన్న నొక్కు పడితే, "వాడిన గ్లాసే, ఫరవాలేదు" అన్నారు. క్లూలలో దూరాన్ని గుంటూరు అడుగుల్లో రాసేవారు. రాతి వంతెన నుంచి నలభై గుంటూరు అడుగులు, అని. ఆ అడుగు ఎంతో ఎవరికీ తెలియక అందరూ తప్పిపోతుంటే, చివరికి మా లెటర్‌బాక్సింగ్ గుంపు కలిసే లైబ్రరీ గదిలో అటూ ఇటూ నడిచి చూపించారు. ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్ టేప్ పట్టి కొలుచుకుంది.

క్లూని ఈ ఆట ఆడేవాళ్ళ వెబ్‌సైట్‌లోకి ఎక్కించిన రోజే చిత్తు కాగితం చింపేసేవారు. ఎందుకని అడిగితే, "దాచినవాడు గుర్తుపెట్టుకు కూర్చుంటే అది దాచినట్టా?" అనేవారు. అప్పుడు నవ్వాను.

మా క్లూలన్నీ ఉన్నది ఆ వెబ్‌సైట్‌లోనే. వేరే రాష్ట్రంలో ఒక పెద్దాయన దాన్ని తన బేస్‌మెంట్‌లోని పాత కంప్యూటర్ మీద ఊరికే నడిపేవాడు. పోయిన చలికాలంలో ఆయన అందరికీ మెసేజ్ పెట్టాడు. మెషిన్ ముసలిదైపోయింది, మధ్యమధ్య ఆగిపోతోంది, ఏదో ఒకరోజు ఇక లేవకపోవచ్చు, మీ ప్రాంతం క్లూలు మీరు భద్రం చేసుకోండి, అని. మా గుంపు లైబ్రరీలో కలిసింది. పన్నెండు పదమూడు మందిమి, తెలుగువాళ్ళం ఆయనా నేనూ. ఎవరో ఒకరు బాగుచేస్తారులే అన్నారు చాలామంది. అంకుల్ లేచి నిలబడ్డారు. బ్రేకు పడుతుందని నమ్మేవాడికి టెస్ట్ చేసే ఉద్యోగం ఇవ్వరని ఇంగ్లీషులో చెప్పి, ఇంటికొచ్చే దారిలో నాతో అదే మాట తెలుగులో అన్నారు. మీ ఐటీ వాళ్ళకి క్లౌడ్ అంటే దేవుడిగది అయిపోయిందని కూడా ఎత్తిపొడిచారు.

ఆయన పెట్టిన పద్ధతి ఇది. క్లూలన్నీ కాగితం మీదికి రావాలి. ఎవరి క్లూలు వాళ్ళు తీసుకోకూడదు, ఇంకొకరు తియ్యాలి. రాసినవాడి కంటికి కాగితం మీద లేనివి కూడా కనబడతాయి కనుక, పరాయి మనిషి చదివి, అర్థమైందో లేదో చూసి ప్రింట్ తియ్యాలి. అన్నీ ఒక లావుపాటి ఫైల్లో చేరాలి. పేర్ల పట్టిక రాశారు. టీచర్ క్లూలు ఆయన తీసుకున్నారు. ఆయన క్లూలు, ముప్పై ఏడు, నా వంతుకు వచ్చాయి.

నేను డేటాబేస్‌లకి బ్యాకప్‌లు తీసి బతికే మనిషిని. ఒకరోజు లంచ్‌లో శాండ్‌విచ్ తింటూ ఆ ముప్పై ఏడు పేజీలూ ఒక్కొక్కటే తెరిచి, పైనున్న నక్షత్రం గుర్తు నొక్కి, ఆయన పేరుతో ఒక ఫోల్డర్లో పెట్టుకున్నాను. నక్షత్రం నొక్కితే మనకి మిగిలేది పేజీ కాదు, పేజీ అడ్రసు. ఆ సంగతి నాకు తెలియక కాదు. వీకెండ్‌లో ప్రింట్ తీద్దామనుకున్నాను. వీకెండ్‌లో బర్త్‌డే పార్టీ వచ్చింది, తర్వాతి వీకెండ్‌లో ఇంకేదో. ఒకరోజు ఆయన రోడ్డు పక్కనుంచి చెత్తబుట్ట లోపలికి లాక్కుంటూ, ప్రింట్ల పని అయిందా అని అడిగారు. "అయిపోయింది అంకుల్, సేఫ్" అన్నాను. కాగితం ఏదని అడిగితే, నా దగ్గరుంది, ఇస్తాలెండి అన్నాను. జేబులోంచి పట్టిక తీసి, నా పేరు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నారు.

మంచు కరిగే రోజుల్లో ఆయనకి స్ట్రోక్ వచ్చింది. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. స్ట్రోక్ నుంచి కోలుకోవడానికి ఆయన రిహాబ్ సెంటర్‌లో ఉండగానే, మే నెలలో ఒక ఉదయం వెబ్‌సైట్ ఆగిపోయింది. ఇక లేవలేదు. దాన్ని నడిపే పెద్దాయన పక్కన పెట్టుకున్న బ్యాకప్ డిస్క్ కూడా పాడైపోయిందట. లాగిన్ అయితేగాని కనబడని పేజీలు కనుక బయట ఎక్కడా కాపీలు లేవు. లైబ్రరీలో అందరూ తమ కాగితాలు తెచ్చారు. ఫైలు నిండింది. ఎంత ముందుచూపు ఆయనది అని అందరూ ఆయన్ని మెచ్చుకుంటుంటే నేను లాప్‌టాప్ తెరిచి ఫోల్డర్ నొక్కాను. అంకుల్ తన డబ్బాలకి పెట్టిన ముప్పై ఏడు పేర్లూ వరుసగా ఉన్నాయి. ఆవకాయ జాడీ. తాటిముంజ. ఆంటీ కోపం. ఏది నొక్కినా తెల్లటి పేజీ.

నాకు చేతనైనవన్నీ చేశాను. పెద్దాయన్ని బతిమాలి డిస్క్ తెప్పించుకున్నాను, మా ఆఫీసులో తెలిసినవాళ్ళకి చూపించాను, లాభం లేకపోయింది. గుర్తున్నంత చెప్పమని గుంపులో అందర్నీ అడిగాను. ఒకరికి వంతెన గుర్తుంది, పార్క్ గుర్తులేదు. ఒకరికి వాన గుర్తుంది. అలా పడుతూ లేస్తూ ఐదు డబ్బాలు దొరికాయి. మిగతావి ఉన్నాయి, ఎక్కడో ఉన్నాయి. వాటిలో ఆయన చెక్కిన బొమ్మలున్నాయి. ఆ చెయ్యి ఇంక చెక్కలేదు.

చెప్పేద్దామనే రిహాబ్‌కి వెళ్ళాను. నన్ను చూసి ఆయన కళ్ళు నవ్వాయి. వెబ్‌సైట్ పోయిందని ఎవరో చెప్పినట్టున్నారు. ఎడమచేతి వేలితో దుప్పటి మీద మెల్లగా ఒక టిక్కు గీసి, నా మొహంలోకి చూశారు. అడుగుతున్నారు.

"సేఫ్ అంకుల్. అన్నీ ఉన్నాయి" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నారు. ఇంటికి తెచ్చాక కూడా చాలాసార్లు వెళ్ళి కూర్చున్నాను. చెబుదామనుకోని రోజు లేదు. చెబితే ఆయన ఏం చెయ్యగలరు? మాట లేని మనిషి చేత ముప్పై రెండు చోట్లు ఎలా చెప్పించను? చెప్పకపోతే నేనేం చెయ్యగలను? మంచినీళ్ళు పట్టేదాన్ని, కిటికీ తెరిచేదాన్ని, టీవీ సౌండ్ తగ్గించేదాన్ని. అంతకుమించి నా చేతుల్లో ఏమీ లేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక ఆంటీకి చెప్పాను. ఆవిడ వంటింట్లో బంధువులు తెచ్చిన గిన్నెలు ఎవరివి వాళ్ళకి సర్దుతున్నారు. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, తిట్టనూ లేదు. తిడితే బాగుండుననిపించింది. కాసేపు గిన్నె తుడిచి, "ఎక్కువ ఏ పార్క్‌కి వెళ్ళేవారు?" అని అడిగారు. నది పక్కనున్నదానికి అని చెప్పాను. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఆయనతో అక్కడికి రాలేదు. మోకాళ్ళ నొప్పులు.

నిన్న మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. ఆకులు రాలి కాలిబాట కూడా సరిగ్గా కనబడడం లేదు. ఇక్కడేనా అన్నారు ఆంటీ. తెలియదు ఆంటీ అన్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ నా చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి కోటు బెల్టులో దోపుకుని, పడిపోయిన దుంగ ఒకటి చూసి దాని పక్కన కష్టంగా వంగారు. కింది ఆకులు చేత్తో తోసి, లోపలికి చెయ్యి పెట్టి తడిమారు. ఏమీ లేదు. తీసిన ఆకులన్నీ దోసిళ్ళతో తెచ్చి, దుంగ కింద మళ్ళీ ఎలా ఉన్నవి అలా సర్దారు.

"ఇంకెక్కడైనా వెతుకుదాం ఆంటీ, మీ కాళ్ళు..." అన్నాను.

ఆవిడ నా మాట వినలేదు. చేతులకంటిన మట్టి కోటుకి తుడుచుకుని, నా భుజం పట్టుకుని లేచి, పక్క దుంగ దగ్గరికి నడిచారు. దాని అవతల ఇంకొకటి ఉంది, దాని అవతల నది దాకా అన్నీ అవే.