మా గేటు ముందు ర్యాంపు

ముప్పయ్యేళ్ళు కాలేజీలో ఫిలాసఫీ చెప్పినవాడికి రిటైరయ్యాక ఒక జబ్బు మిగిలిపోతుంది. ఎదురుగా ఎవరు కూర్చున్నా పాఠం చెప్పబుద్ధేస్తుంది. పటమటలో మా ఇంటి వరండాలో ఆదివారం పొద్దున్నే నాలాంటి రిటైరైనవాళ్ళు ఏడెనిమిది మంది చేరేవారు. మా ఆవిడ కాఫీలిచ్చేది. నేను స్టోయిక్కుల గురించి చెప్పేవాణ్ణి.

వాళ్ళు దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు, రోము దేశాల తత్వవేత్తలు. వాళ్ళలో బానిసగా బతికినవాడూ ఉన్నాడు, రాజ్యమేలినవాడూ ఉన్నాడు. ఇద్దరి మాటా ఒకటే. మన చేతిలో ఉన్నదేదో లేనిదేదో తేల్చుకోవాలి, లేనిదాని గురించి కుమిలిపోకూడదు. ఇది చెప్పగానే అందరూ తలలూపేవారు. బెంజి సర్కిల్ ట్రాఫిక్కు, కరెంటు కోత, అల్లుడి మాటతీరు, అన్నీ చేతిలో లేనివే అని తేల్చేసి, రెండో కాఫీ తాగి హాయిగా ఇళ్ళకు వెళ్ళేవారు. నేనూ హాయిగానే ఉండేవాణ్ణి.

మా వీధి పల్లం వైపు చివర, ఒకే ఒక్క గదిలో ఒకావిడ జాకెట్లు కుడుతుంది. భర్త పోయాక ఆమెకు ఆ కుట్టుమిషనే ఆధారం. శ్రావణమాసం వస్తే వ్రతాలకూ పెళ్ళిళ్ళకూ ఆమెకు ఊపిరాడదు. వానలూ సరిగ్గా అప్పుడే. గట్టి వాన పడితే సైడు కాలువ పొంగి, ఆ మురుగంతా రోడ్డు వెంట పారి ఆమె గడప దాటేది. ఆ సంగతి నాకు తెలుసు. కాలువ తీయడం లేదని ఏటా మున్సిపాలిటీకి అర్జీ రాసేది నేనే. మంచి తెలుగులో రాసేవాణ్ణి కూడా.

ఒక శ్రావణంలో, ఆదివారం మా సభ జరుగుతుండగా ఆమె మూట పట్టుకుని వరండా మెట్ల దగ్గర నిలబడింది. తెల్లవారుజామున పడ్డ వానకు గదిలోకి నీళ్ళొచ్చాయి. మిషను మంచం మీదికి ఎత్తేలోపు కింద ఉన్న బట్టలు మురుగులో తడిశాయి. వాటిలో మా ఆవిడ పట్టు జాకెట్టు ఉంది.

“ఉతికినా మరక పోలేదమ్మగారూ. ఇంకో ముగ్గురివి కూడా ఇట్టాగే అయినియ్యండి. మళ్ళీ ఒక్కసారి ఇట్టా అయిందంటే నాకెవరూ బట్టలియ్యరు,” అంది.

మా ఆవిడ “పోనీలే అమ్మా, ముందు కూర్చో” అని కుర్చీ జరిపింది. నాకేమో శ్రోతలు ఎదురుగా ఉన్నారు కదా, గొంతు సవరించుకున్నాను.

“వాన మన చేతిలో లేదు కదమ్మా. లేనిదాని కోసం మనసు పాడు చేసుకోకూడదు.”

ఆమె కూర్చోలేదు. నా వైపు చూసి, కోపమేమీ లేకుండా అంది: “వాన మన చేతిలో లేదు, నిజవేనండి. ర్యాంపు మీ చేతిలోదే కదండీ.”

కారు కొన్నప్పుడు గేటు నుంచి రోడ్డు దాకా, కాలువ మీదుగా, నేను సిమెంటు ర్యాంపు పోయించాను. మా వీధిలో కారున్న ప్రతివాడూ చేసే పనే. “దీని కిందకి మా పార వెళ్ళదండీ” అని కాలువ తీసేవాళ్ళు అప్పుడే చెప్పారు. ఏదోలా చూసుకోండయ్యా అని లోపలికి వచ్చేశాను. ఏళ్ళ తరబడి దాని కింద పూడిక పేరుకుంది. నీళ్ళు దారిలేక రోడ్డెక్కాయి.

కోపం వచ్చింది. ముందు ఆమె మీద, ఆమె వెళ్ళిపోయాక నా మీద. ఆ స్టోయిక్కులే మనిషి పుట్టింది పదిమందితో కలిసి బతకడానికని, పదిమంది మేలు చూడటం అతని పనేనని కూడా చెప్పారు. ఆ సగం నాకు తెలియక కాదు. కాఫీల మధ్య అది రుచించదని వదిలేశాను. సిగ్గేసింది.

మర్నాడు మేస్త్రిని పిలిచాను. “రాయిలాగుంది, దీన్ని పగలగొట్టమంటారేంటి సార్,” అంటూనే గునపం దించాడు. పూడికలో ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బోండాలు, మా ఆవిడ గుర్తుపట్టిన నా పాత చెప్పు ఒకటి బయటపడ్డాయి. ర్యాంపు బదులు కాలువ మీద, ఎత్తి పక్కన పెట్టుకునేలా ఇనప జాలీ వేయించాను.

తరువాతి ఆదివారం సభలో ఆ రెండో సగం చెప్పాను. ఈసారి తలలు అంతగా ఊగలేదు. హనుమాన్ జంక్షన్‌లో వ్యాపారం చేసి ఇక్కడ స్థిరపడ్డ మా పక్కింటాయనకూ గేటు ముందు ర్యాంపుంది. ఆయన నవ్వి, “వీధంతా అట్టాగే ఉంది. మన చేతిలో ఏవుంది మాస్టారూ? మీరు చెప్పిందేగా,” అన్నాడు. నిజమే, నేను చెప్పిందే. అంత బాగా ఎందుకు చెప్పానా అనిపించింది.

పది రోజులకు మధ్యాహ్నం పూట జోరువాన పట్టింది. గొడుగు వేసుకుని వీధి చివరికి వెళ్ళాను. నీళ్ళు ఆమె గడప కింది మెట్టు దాకా వచ్చి ఆగాయి. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడం దేనికి. లోపలికి తొంగి చూస్తే మిషను మంచం మీదే ఉంది. ఆమె పక్కన నిలబడి చేత్తో హుక్కులు కుడుతోంది.

“నీళ్ళు రాలేదుగా అమ్మా, మిషను దించుకోవచ్చుగా,” అన్నాను.

“ఇంకా నాలుగు ర్యాంపులున్నాయి కదండీ,” అంది, తల ఎత్తకుండానే.

వాన తగ్గేదాకా ఆగుదామనుకున్నాను. ఆగకుండా పక్కింటాయన గేటు దాకా నడిచి, బెల్లు కొట్టాను.