ఐదో పొర

నా రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక కుండపెంకు పెట్టుకుంటాను. అరచేతిలో సగం ఉంటుంది. బయటివైపు ఎరుపు, లోపలివైపు నలుపు. కడపలో ఎండలు ముదిరిన రోజుల్లో నీళ్ళసీసా మూత తీసేటప్పుడు ఒక్కోసారి దాని మీద చుక్క పడుతుంది. చుక్క ఇట్టే ఇంకిపోయి, తొలివానకు బీడు నేల విడిచే వాసన గదిలో లేస్తుంది. ఆ వాసన కాసేపే ఉంటుంది. ఉన్నంతసేపూ నాకు పదేళ్ళు, మా చెల్లెలు భారతికి ఎనిమిది.

మాది మైదుకూరు దగ్గర పల్లె. భారతికి నత్తి. మూడో తరగతిలో అయ్యవారు దాన్ని లేపి పాఠం చదవమంటే 'క' దగ్గర ఆగిపోయింది. పిల్లలంతా దాంతో కలిసి క క క అని రాగం తీశారు, అయ్యవారు కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి అది ఇంట్లో కూడా నోరు విప్పడం మానేసింది. పెళ్ళికి ముందు ప్రొద్దుటూరులో టీచరుగా చేసిన మా అమ్మ వారం రోజులు చూసి, దాన్నీ దానికి తోడుగా నన్నూ బడి మాన్పించి, ఇంట్లోనే చదువు మొదలుపెట్టింది. మా నాయన లారీ మీద పోయేవాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కాబట్టి ఇంట్లో మాట చెల్లేది ఆయన తండ్రిది, అంటే మా జేజినాయనది.

"ఉగాది దాకా చూస్తా. అప్పటికి ఈ పాపకు మాట రాకుంటే ఇద్దర్నీ కడప హాస్టల్లో ఏస్తా" అన్నాడాయన. హాస్టలంటే మాకు జైలు. భారతి మాట్లాడితే ఇల్లు దక్కుతుంది, లేకపోతే లేదు. మాకు అర్థమైన లెక్క అంతే.

లెక్కలూ ఇంగ్లీషూ పొద్దున్నే అయిపోయేవి. మధ్యాహ్నాలన్నీ పాతకాలం చరిత్రవే. అమ్మ దగ్గర అట్టలూడిన పుస్తకాలు నాలుగుండేవి. వాటిలో ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, పదండి అనేది. మా గడప ఇప్పటి కాలం, అడుగుకు వందేళ్ళు. అలా నడుచుకుంటూ వెళితే గండికోట గోడలు వీధికుళాయి దగ్గరికే వచ్చేసేవి, మౌర్యులు శెట్టి అంగడి అరుగు మీద తగిలేవారు, ఆవుపేడ కాల్చి బూడిద దిబ్బలు పోసిన ఆదికాలపు పశులకాపర్లు సరిగ్గా ఊరి చివరి పేడదిబ్బల దగ్గర నిలబడి ఉండేవారు. కొత్తరాతియుగం వాళ్ళ తిండి ఎలా ఉంటుందో చూపిస్తానని ఒకరోజు కొర్రలు రోట్లో దంచి, విసుర్రాయితో రాగులు విసిరి, రాళ్ళపొయ్యి మీద వండి పెట్టింది. మా జేజి, అంటే నాయనమ్మ, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇదేం చరిత్రమ్మే, మేం చిన్నప్పుడు తిన్న కూడే గదా" అంది. దాంతో మేము జేజిని కూడా రాతియుగంలో చేర్చేశాం.

ఇనుపయుగం కుండలు లోపల నల్లగా బయట ఎర్రగా ఎందుకుంటాయో తెలియాలని ఆవంలో కుండలు కాల్చే కుమ్మరాయన దగ్గరికి తీసుకెళ్ళింది. కుండలో పొట్టు నింపి బోర్లించి కాల్చమంటే ఆయన తల పట్టుకున్నాడు. "నల్లగైతే కుండ చెడినట్టమ్మా! చెడగొట్టేదానికి నా చేత కాల్పిస్తాండావా?" అన్నాడు. చెడిన కుండలు మూడు తెచ్చుకున్నాం. ఇంటికి వచ్చాక అమ్మ వాటిని పగలగొడుతుంటే జేజి పక్కకు తిరిగి కూర్చుంది.

ఆ పెంకులు తేలింది మా శనక్కాయ చేనులో. కాయ పెరికినాక, చేను మూలలో ముగ్గుపిండితో మనిషి పొడవు చదరం గీసి, కొలతలకు మేకులు కొట్టి దారాలు కట్టి, ఎవరినీ రానీయకుండా అమ్మ ఒక్కతే మూడు దినాలు గుంత తీసి, పాతకాలం వస్తువుల్ని వరసగా పూడ్చిపెట్టింది. ఐదు పొరలు, దినానికి కొంత మీరే తవ్వాలి అంది. భారతి చేతికి తాపీ, ఇల్లు చిమ్మే పరక. నోట్సు రాయడం నా పని. ఏ వస్తువు ఎన్ని జానల లోతులో దొరికిందో రాసి, పక్కన బొమ్మ గీసేదాన్ని. దొరికిన ప్రతి పెంకు మీదా సన్నటి గీత ఒకటి ఉండేది. అవి ఆ కాలపు అక్షరాలని మేము తేల్చుకున్నాం. అమ్మ నవ్వి ఊరుకుంది. గుంతలోకి దిగాక భారతి నాతో మాత్రం ఒకటీ అరా మాట్లాడేది. శనక్కాయ కట్టె ఎండిన వాసన, మంచు విడవని పొద్దుటి మట్టి చల్లదనం, మూటలో ఉడకబెట్టిన శనక్కాయలు: నా చదువంతటిలోనూ నేను సంతోషంగా ఉన్నది ఆ రెండు నెలలే.

అయితే గట్టు మీద పోయేవాళ్ళకు కనిపించింది వేరు. ముగ్గుపిండితో గీతలు, మూలమూలకూ మేకులు, మేకులకు దారాలు. మా సీమలో అలాంటి గుంతకు ఒకటే అర్థం. పూజ చేసి నిధి తవ్వుతున్నారని ఊరంతా పాకిపోయింది.

ఒకరోజు అమ్మ మైదుకూరు సంతకు పోతూ "నాలుగో పొర కాడ ఆపండి. ఐదోది నేనొచ్చినాక తవ్వుదాం" అని చెప్పింది. నాలుగోది గంటలో అయిపోయింది. మేం ఆగలేకపోయాం. భారతి మూలలో తాపీతో గీకితే ఎర్రటి పెంకు ఒకటి ఊడి వచ్చింది. దాన్ని ఉమ్మితో రుద్ది తిప్పితిప్పి చూసి, "అ... అక్కా, దీ... దీనిమీద అచ్చరం లేదు" అంది.

"అమ్మ మర్చిపోయింటాదిలే" అన్నాను.

అంతలోనే జేజినాయన, ఆయన వెనక ఐదారుగురు మగవాళ్ళు గట్టు దిగి వచ్చారు. "ఏం మామా, మీ కోడలు బంగారు బిందె తీసిందంట, మాకూ చూపీ" అని పక్కచేను సుబ్బన్న ఎకసెక్కెం. జేజినాయన ముఖం ఎర్రబడింది. "ఏందే ఇది?" అని నన్నడిగాడు. పెద్దదాన్ని, నోట్సు నా చేతిలోనే ఉంది, అయినా దాన్ని వీపు వెనక దాచేశాను.

గుంతలో నిలబడిన భారతి మట్టిగోడ మీద చెయ్యి పెట్టింది. పైపొర చూపించి "ఇ... ఇది మనం" అంది. దాని కింద చెయ్యి జరిపి "ఇది గం... గం... గండికోట కట్టినప్పటిది" అంది. అలా పొర వెంట పొర, ప్రతి మాట దగ్గరా ఆగుతూ, మళ్ళీ పట్టుకుంటూ, చిట్టచివరిదాకా చెప్పింది. ఒక్కరూ నవ్వలేదు. జాలితో కాదు, బంగారం ఏ పొరలో వస్తుందోనని ఎదురుచూస్తున్నారు.

"అంతేనా?" అన్నాడు సుబ్బన్న.

"అంతే" అంది భారతి, తడబడకుండా.

ఆ సాయంత్రం జేజినాయన మంచం మీద కూర్చుని తీర్పు చెప్పాడు. "పాపకు బాగైండాది. ఇంతమంది ముందర మాట్లాడింది. ఇంక ఇంట్లో ఎందుకు, ఇద్దర్నీ హాస్టల్లో ఏద్దాం. ఆ గుంత కూడా రేపే పూడిపిస్తా, ఊర్లో మాట పడలేను." మాట్లాడినందుకు ఇల్లు పోయింది. భారతి ఏడవలేదు, నేను ఏడ్చాను. "గుంత పూడ్చేది ఒక్కదినం ఆపు మామా" అని మాత్రం అడిగింది అమ్మ. ఆయన ఆపలేదు. తెల్లవారి ట్రాక్టరు గుంతను పూడుస్తుంటే అమ్మ గట్టు మీదే నిలబడి చూసింది. ఉగాది భక్ష్యాలు డబ్బాలో సర్దుకుని మేము కడప బస్సెక్కాం. అచ్చరం లేని ఆ పెంకును భారతి నా ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది.

జేజి, జేజినాయన పోయారు. విసుర్రాయి మైదుకూరు రోడ్డు మీద ఒక హోటలు ముందర అలంకారానికి ఉంది. కుమ్మరాయన కొడుకు సిమెంటు తొట్లు పోస్తున్నాడు. మా చేను అమ్మేశాం. అక్కడ కాంక్రీటు దిమ్మెల మీద వరసలు వరసలుగా సోలార్ పలకలు, చుట్టూ కంచె.

రెండేళ్ళ కిందట వేసవిలో ట్రంకుపెట్టె ఖాళీ చేస్తూ పెంకును బల్ల మీద పెట్టాను. మమ్మల్ని చూడవచ్చిన అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది నేను పూడ్చింది కాదే" అంది. "నా లెక్క తప్పకుండా నేను పూడ్చిన ప్రతిదానికీ మేకుతో గీత గీసినా. గుంత తీసేటప్పుడు అడుగున ఒక పెద్ద కుండ మూతి తగిలింది. శానా పాతది, ఏ కాలందో. దాన్నట్లే మట్టి కప్పి, దానిపైన మీ నాలుగు పొరలు పేర్చినా. మీయంతకు మీరే తవ్వుకుంటా వచ్చి దాన్ని చూడాలని."

"మరి ఆ దినమే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పింటే ఊరు ఊరంతా గడ్డపారలు ఎత్తుకోని వచ్చుండేది."

పెంకును వెలుతురుకు పెట్టి రెండువైపులా చూశాను. ఎక్కడా గీత లేదు.

కర్నూలులో బ్యాంకులో పనిచేస్తున్న భారతికి ఫోను చేసి అంతా చెప్పాను.

"నే... నేను ఆ దినమే చెప్పినా గదక్కా, అచ్చరం లేదని."

చెప్పింది. నేనే రాసుకోలేదు.