గుత్తివంకాయ కూర

కొత్తపేట వంటాయన సూరిబాబు యాత్రికులతో కాశీ రావడం ఇది తొమ్మిదోసారి. గంగలో మాత్రం ఒక్కసారీ మునగలేదు. అందరూ ఘాట్లు చూసొచ్చేదాకా అతను సత్రంలో పొయ్యి ముందు కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, కూర రుచి చూడకుండా వాసనతోనే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేస్తాడు. ఈసారి, మంచం పట్టిన తల్లికి ఆవిడ పేరున మూడు మునకలు వేస్తానని మాటిచ్చాడు. మూడింటికి తిరుగు రైలు. అందుకే పొద్దున్నే ముప్పైమందికి గుత్తివంకాయ వండేసి, వడ్డించగానే పరిగెత్తడానికి పొడిపంచె సంచిలో పెట్టుకున్నాడు.

పన్నెండింటికి అందరూ తిరిగొచ్చారు. విస్తట్లో కూర చూసి మంగాయమ్మగారు నాలిక కరుచుకున్నారు. "ఇష్టమైన కాయ ఒకటి గంగలో వదిలెయ్యమన్నారయ్యా పంతులుగారు. నేను వంకాయన్నాను. అదీ మంత్రమే అనుకుని వీళ్ళంతా వంకాయ, వంకాయ అనేసేరు. ఇంక జన్మలో ముట్టకూడదు." "ఆయ్," అని సూరిబాబు సంచి మేకుకి తగిలించి, బంగాళాదుంపల బస్తా విప్పాడు. రెండో కూర దించి వడ్డన ముగించేసరికి, స్టేషనుకి వెళ్ళే బస్సు బయట హారన్ కొడుతోంది. మంగాయమ్మగారు వంకాయకూర గిన్నె అతని ముందుకి జరిపారు. "నువ్వింకా ఏమీ వదల్లేదుగా నాయనా, ఇదంతా నువ్వే తినాలి."