రెండో బ్యాటరీ

జానయ్యకు లోకంలో ఉన్నది ఒకటే చింత: బ్యాటరీ. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు స్టీరింగ్ తిప్పి రిటైరయ్యాక ఒక పాత స్కూలు వ్యాను కొన్నాడు. అందులో మంచం, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు పెట్టించి నడిచే ఇల్లు చేశాడు. వాటి కోసం వెనక రెండో బ్యాటరీ. బండి నడుస్తుంటే ఇంజనే దాన్ని నింపుతుంది. ఈ ముక్క చెప్పిన పాపానికి ఎలక్ట్రీషియన్ పరమేష్‌కు మనశ్శాంతి కరువైంది.

మొన్నటికి మొన్న పెళ్లి భోజనంలో పప్పు వడ్డిస్తుండగా జానయ్య లేచాడు. "పన్నెండు ఓల్టులకు దిగింది," అని గంభీరంగా చెప్పి బండి తీశాడు. ఇబ్రహీంపట్నం చెరువు చుట్టి వస్తానని పోయినవాడు తిరిగొచ్చేసరికి పెళ్లివారు గిన్నెలు కడుగుతున్నారు. పరమేష్ కడుపుబ్బా నవ్వాడు.

"నాకు జరమొస్తే ఈయనకు తెల్వది. బ్యాటరీ జర దిగితే బువ్వ సయించది," అంది జానయ్య భార్య బుగ్గమ్మ.

పక్కింటి శంకరమ్మకు వారానికి మూడుసార్లు ఎల్‌బీ నగర్‌లో డయాలసిస్. బస్సు మెట్లెక్కలేక రెండుసార్లు మానేసింది. మళ్లీ మానితే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. అయినా "ఒకల మెహర్బానీ నాకొద్దు" అని ఎవరి కారూ ఎక్కలేదు. జానయ్య బతిమాలలేదు. తన కష్టమే చెప్పుకున్నాడు.

"శంకరక్కా, ఖాళీ బండి నడిపితే బ్యాటరీ ఎక్కుతలేదు. వెనక మనిషి బరువుండాలె. జర కూసుంటవా?"

ఆమెకు జాలేసింది. ఏడు నెలలుగా ఆయనకు ఆ సాయం చేస్తూనే ఉంది.

ఒక పొద్దున ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన పరమేష్ వ్యాను కిందికి దూరి చూశాడు. ఇంజన్ నుంచి రెండో బ్యాటరీకి వచ్చే తీగ తెగి తుప్పు పట్టి ఉంది.

"కాకా, ఇది తెగి నెలలైంది. ఎంత నడిపినా ఏమెక్కది."

"నాకెర్కనే. ఇంట్ల ప్లగ్గుకు పెట్టి నింపుతున్న. మెల్లగ మాట్లాడు."

"మరి నా దగ్గరికి ఎందుకు తేలే?"

"నీ షెడ్డుకొచ్చిన బండి వారానికి గాని బయట పడదు. ఆమె డయాలసిస్ అన్ని దినాలు ఆగుతదా?"

ఆ రోజు పప్పు వదిలి ఆయన లేచింది శంకరమ్మను తీసుకెళ్లడానికేనని అర్థమై, పరమేష్‌కు పెళ్లిలో నవ్విన నవ్వు తలుచుకుని సిగ్గేసింది. ఇంతలో రిపోర్టుల సంచితో శంకరమ్మ వచ్చి నిలబడింది.

"పర్మేషూ, చదువుకున్నోనివి, నిజం చెప్పు. మనిషి కూసుంటే బ్యాటరీ నిండుడేంది? అబద్ధమైతే ఇయాల్టి నుంచి నేనెక్క."

జానయ్య బ్యాటరీ మీటరు మీంచి చూపు ఎత్తలేదు. పరమేష్ చేతులు తుడుచుకున్నాడు. ఐటీఐలో నేర్చిన కరెంటు పాఠాలన్నింటికీ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"నిజమే పెద్దమ్మా. కాకనే తప్పు చేస్తుండు. వెనక కూసుంటే సగమే ఎక్కుతది. ముందు సీట్ల కూసోవాలె."

శంకరమ్మ జానయ్యను ఎగాదిగా చూసింది.

"ఏడు నెలలు ఎన్క కూసోవెట్టి బ్యాటరీ ఖరాబు చేసినవ్ గదా," అని మందలించి, ముందు సీట్లో ఎక్కి, ఉన్న బరువంతా ఆనించి కూర్చుంది.